మీటలు నొక్కి అడుగు ప్రశ్న

టెలిఫోను ఒక మనుష్యుడు వేరొక మనుష్యునితో మాటలాడుటకై పుట్టిన సాధనము. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ దానికి పేటెంటు పొందిన నాడు, తీగకు రెండు కొసలయందును మనుష్యులే ఉందురని అందరును భావించిరి. నేడు సికింద్రాబాదునుండి బయలుదేరు రైలులో తనకు చోటు ఖాయమైనదో లేదో తెలిసికొనగోరు ప్రయాణికుడు ఒక సంఖ్యకు ఫోను చేసి, తన టిక్కెట్టుపైనున్న పది అంకెలను మీటలపై నొక్కును. ఆవలి కొసయందు మనుష్యుడెవ్వడును ఉండడు. ఒక కంప్యూటరు ఆ అంకెలను గ్రహించి, తన సమాచార భాండారమును వెదకి, మునుపే ముద్రించి యుంచిన కంఠస్వరముతో బదులు చెప్పును. ప్రశ్న అంకెలలో పోవును. జవాబు మాటలలో వచ్చును.

ఈ పద్ధతి మనకు మిక్కిలి అలవాటైపోయినందున దీనికొక చరిత్ర కలదని తోచదు. కాని దీని వెనుక ఎందరో ఇంజనీర్ల, మనస్తత్వ శాస్త్రజ్ఞుల, కంఠస్వరము నిచ్చినవారి కృషి కలదు. కంప్యూటరును ఎన్నడును కన్నుల జూడనివారు సైతము దానిని ప్రశ్నించి జవాబు పొందగలిగినది ఈ మీటల మూలముననే. ఆ శక్తి సామాన్యునికి ఎట్లు లభించెను, దాని హద్దు లెక్కడ నున్నవి అను రెండు విషయములను ఈ ప్రసంగమున వివరింతుము.

మొదటి దినములలో టెలిఫోను వాడువాడు రిసీవరెత్తి, ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరుకు తనకు కావలసినవారి పేరు చెప్పెడివాడు. ఆ ఆపరేటరును తొలగింపదలచినవాడు ఆల్మన్ స్ట్రౌజర్. ఆయన ఇంజనీరు కాడు. అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున శవసంస్కారములు జరిపించు వ్యాపారి. తనకు రావలసిన ఫోనులు పోటీదారునికి మళ్లింపబడుచున్నవను అనుమానమే ఆయనను ఈ పనికి పురికొల్పెనని చెప్పుదురు. 1891లో ఆయనకు పేటెంటు లభించెను. 1892 నవంబరు 3వ తేదీన ఇండియానా రాష్ట్రములోని లా పోర్ట్ పట్టణమున మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి తెరవబడెను. వింత యేమనగా, స్ట్రౌజర్ తొలి టెలిఫోనుకు ఉన్నవి మీటలే. ఒకట్లకు, పదులకు, వందలకు వేర్వేరు మీటలుండగా, ఏ అంకె కావలెనో అన్ని మారులు ఆ మీటను నొక్కవలసియుండెను. ఈ శ్రమను తప్పించుటకై 1896లో ఆయన అనుచరులు వ్రేలితో త్రిప్పు చక్రమును, అనగా డయలును, కనిపెట్టిరి.

డయలు పనిచేయు తీరును ఇచట కొంత తెలిసికొనవలెను. చక్రమును త్రిప్పి విడిచినపుడు అది వెనుకకు తిరుగుచు, తీగలోని విద్యుత్ప్రవాహమును తెంపుచు కలుపుచు పోవును. ఐదు త్రిప్పినచో ఐదు తెంపులు. సున్న త్రిప్పినచో పది తెంపులు. సెకనుకు సుమారు పది తెంపుల వేగమున ఇవి ఎక్స్ఛేంజికి చేరును. అచ్చటి యంత్రములు వాని నెంచి, పైకి నొక మెట్టు, ప్రక్కకు నొక మెట్టు చొప్పున కదలి, కావలసిన తీగను పట్టుకొనును. అంతటితో తెంపుల పని ముగియును. అవి ధ్వనులు కావు; కావున మాట పోయినంత దూరము అవి పోజాలవు. డయలు త్రిప్పువాడు ఎక్స్ఛేంజితో మాత్రమే సంభాషించుచున్నాడు. ఒకమారు ఆవలివానితో సంబంధ మేర్పడిన పిదప చక్రము త్రిప్పినను ఆవల వినబడునది టకటక శబ్దమే. ఈ హద్దును దాటుటయే తరువాతి కథ.

అంతకుముందే వేరొక దిక్కున ఒక ముఖ్యమైన పని జరిగెను. 1933 ఫిబ్రవరి 14వ తేదీన పారిస్ ఖగోళ పరిశోధనాలయము, దాని అధ్యక్షుడు ఎర్నెస్ట్ ఎస్క్లాంగాన్ కృషి ఫలితముగా, మాటలాడు గడియారమును నెలకొల్పెను. ఫోను చేసినవారికి ముద్రిత కంఠము వేళ చెప్పెడిది. 1936 జూలై 24వ తేదీన లండనులో నిట్టిదే ప్రారంభమయ్యెను. టెలిఫోను ఆపరేటర్లలో పోటీ పెట్టి ఎన్నుకొనబడిన ఎథెల్ కెయిన్ కంఠమును గాజు పలకలపై ముద్రించి యుంచిరి. దినమునందలి ప్రతి క్షణమునకు నొక వాక్యము చొప్పున ముద్రింపలేదు. గంటలు, నిమిషములు, సెకనులు వేర్వేరుగా ముద్రించి, యంత్రము వానిని వరుసగా కూర్చునట్లు చేసిరి. కొన్ని తునుకలనుండి వేలకొలది వాక్యములను కూర్పవచ్చునని దీనిచే ఋజువయ్యెను. అయితే ఈ గడియారము అందరికి నొకే మాట చెప్పును. ఆ విషయమున అది మా రేడియో వంటిది: విను వారుందురు గాని, అడుగు వారుండరు. జవాబు చెప్పు యంత్రము సిద్ధమైనది. ప్రశ్న అడుగు సాధనము ఇంకను రాలేదు.

ఆ సాధనము అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున రూపొందెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చట జాన్ కార్లిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మానవుని అలవాట్లను పరీక్షించి వానికి తగినట్లు యంత్రములను మలచు ఒక శాఖను నడపెను. దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గులో జన్మించిన ఈయన సంగీతమును గూడ అభ్యసించినవాడు. డయలునకు మారుగా మీటలు పెట్టదలచినపుడు, ఆ మీట లెట్లుండవలెను? వృత్తాకారముననా, అయిదేసి చొప్పున రెండు వరుసలుగానా, మూడేసి చొప్పున మూడు వరుసలు తీర్చి క్రింద సున్న నుంచుటా? మీట ఎంత పెద్దది, ఎంత గట్టిగా నొక్కవలెను? ఈ ప్రశ్నల నన్నిటిని మనుష్యులపై పరీక్షించి చూచిరి. ఈ పరీక్షల ఫలితములను ఆర్. ఎల్. డైనింజర్ 1960లో ప్రకటించెను. మేలైనవిగా తేలిన అమరికల నడుమ వేగమునందు గాని, తప్పుల సంఖ్యయందు గాని భేదము స్వల్పమే. మూడు వరుసల క్రింద సున్న అను అమరిక ఇంజనీర్లకు అనుకూలమైనందున దానినే స్వీకరించిరి. లెక్కల యంత్రములో 7, 8, 9 పైవరుసలో నుండగా, టెలిఫోనులో 1, 2, 3 పైవరుసలో నున్న సంగతి శ్రోతలు గమనించియే యుందురు.

మీటల అమరికకంటె ముఖ్యమైనది వాని లోపలి ధ్వని. ప్రతి మీటయు ఒకేసారి రెండు స్వరములను పలుకును. అడ్డు వరుసలకు సెకనుకు 697, 770, 852, 941 కంపనములు గల నాలుగు మంద్ర స్వరములు. నిలువు వరుసలకు 1209, 1336, 1477 కంపనములు గల మూడు తార స్వరములు. 5 అను మీటను నొక్కినచో 770, 1336 కంపనముల స్వరములు జంటగా వినవచ్చును. రెండేల? ఒక్క స్వరమే అయినచో మనుష్యుని మాటలోనో, ఈలలోనో, ప్రక్కగదిలోని పాటలోనో అట్టి స్వరము తగిలి, యంత్రము దానిని అంకెగా భ్రమింపవచ్చును. పై రెండు వర్గముల స్వరములు ఒకదానికొకటి సులభముగా శ్రుతి కలియకుండునట్లు ఎన్నుకొనబడినందున, మానవ కంఠమునందు ఆ జంటలు యాదృచ్ఛికముగా పుట్టుట మిక్కిలి అరుదు. సంగీతజ్ఞులు శ్రుతి కలియుటకు పాటుపడుదురు. ఇచట ఇంజనీర్లు శ్రుతి కలియకుండుటకు పాటుపడిరి.

1963 నవంబరు 18వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ పట్టణములలో ఈ స్వరమీటల టెలిఫోను వాడుకలోనికి వచ్చెను. అప్పటికి పది మీటలే. 1968లో నక్షత్రపు గుర్తు గలది, హ్యాష్ అను అడ్డుగీతల గుర్తు గలది రెండు మీటలు చేరి పండ్రెండయ్యెను. ప్రజలకు దీనిని సత్వరముగ నంకెలు పంపు సౌకర్యముగా చూపిరి. కాని నిజమైన మార్పు లోతైనది. టెలిఫోను తీగ సుమారు 300 మొదలు 3400 కంపనముల వరకు గల ధ్వనులను మోయును. మన మాట తెలియుటకు కావలసిన ధ్వనులలో ముఖ్యమైనవి ఆ హద్దులలోనివే. మీటల స్వరములును ఆ హద్దులలోనివే. కావున మాట ఎంత దూరము పోవునో అవియు అంత దూరము పోవును: నగరములు దాటి, సముద్రములు దాటి ఆవలి కొసకు చేరును. డయలు ఎక్స్ఛేంజితో మాత్రమే మాటలాడెను. మీట ఆవల నున్నది ఏదైనను దానితో మాటలాడగలదు. ఆవల కంప్యూటరునుంచినచో అది వినగలదు.

కంప్యూటరుకు కంఠ మిచ్చు ప్రయత్నములు ఆ కాలముననే జరిగెను. ఐ.బి.ఎం. సంస్థ 1964లో 7770 అను ధ్వని ప్రతివచన యంత్రమును వెలువరించెను. మనుష్యుడు పలికిన మాటలను ఒక్కొక్కటిగ తిరుగు అయస్కాంత పీపాపై ముద్రించి యుంచి, కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి వరుసగా వినిపించుట దాని పని. న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజి 1965లో ఈ పద్ధతిన వాటాల ధరలు చెప్పు ఏర్పాటు చేసెను. అంతకుముందు టెలిఫోనులో ధర అడిగినవారికి గుమాస్తాలు చూచి చెప్పెడివారు. ఇపుడు వాటాకు నిర్ణయింపబడిన సంకేత సంఖ్యను పంపినచో, ఆ క్షణమునాటి ధరను యంత్రమే పలుకును. మాటలాడు గడియారము చేయలేని పని ఇది చేసినది. అడిగినవాని ప్రశ్న ననుసరించి జవాబు మారెను. స్వరమీటలు వ్యాపించిన కొలదియు, ఏ యింటి టెలిఫోనునుండియైనను ఇట్టి ప్రశ్న వేయుటకు మార్గ మేర్పడెను. బ్యాంకులో నిలువ, ప్రయాణపు వేళలు, కళాశాలలో పాఠముల నమోదు మున్నగునవి ఒకదాని వెనుక నొకటి ఈ త్రోవ పట్టెను.

ఇచట ఒక చిక్కు ఎదురయ్యెను. పండ్రెండు మీటలతో అడుగదగిన ప్రశ్న లెన్ని? సంఖ్య గలదానిని అడుగుట సులభము. ఖాతా సంఖ్య, టిక్కెట్టు సంఖ్య, పరీక్షలో హాలు టిక్కెట్టు సంఖ్య ఇట్టివి. సంఖ్య లేని విషయమును అడుగుటకు రెండు ఉపాయములు కనిపెట్టబడెను. మొదటిది శాఖోపశాఖలుగా చీలు ఎంపిక పట్టిక: ఇందుకైతే ఒకటి, అందుకైతే రెండు అని చెప్పుచు, కొమ్మనుండి రెమ్మకు దిగుట. 1979లో బ్రిటిష్ తపాలా శాఖ, శామ్ ఫెడీడా అను ఇంజనీరు ఆలోచన ననుసరించి, ప్రెస్టెల్ అను సేవను ప్రారంభించినపుడు ఈ పద్ధతినే వాడెను. టెలిఫోను తీగకు కలిపిన టెలివిజను తెరపై పట్టిక కనబడగా, అంకెల మీటలతో పుటనుండి పుటకు పోవుచుండిరి. తెరపై నిది సుఖమే. కన్ను పది వరుసలను ఒక్క చూపున చూచును. చెవి యట్లు కాదు. ఒకదాని వెనుక నొకటిగ వినవలెను. ఎనిమిదవది వచ్చునప్పటికి రెండవది మరపునకు వచ్చును. మాటలతో బ్రతుకు మా వంటి వారికిది క్రొత్త సంగతి కాదు. చూచుటకు వ్రాసిన పట్టికను మైకు ముందు చదివినచో శ్రోతకు మిగులునది స్వల్పము. టెలిఫోనులో పట్టికను నాలుగైదు ఎంపికలకు మించనీయరాదను నియమము అనుభవముచేత ఏర్పడినది.

రెండవ ఉపాయము అక్షరములను వాడుట. అమెరికాలో పూర్వము ఎక్స్ఛేంజిలకు పేర్లుండుటవలన డయలుపై ఆంగ్లాక్షరములు మూడేసి చొప్పున ముద్రింపబడియుండెను. అవి మీటలపైకిని వచ్చెను. ఒక్కొక్క మీటకు మూడక్షరములైనచో యంత్రమున కేది యని తెలియుట ఎట్లు? ఉదాహరణమునకు రామ అను పేరును ఆంగ్లాక్షరములలో నొక్కుదము. ఆర్‌కు 7, ఏకు 2, ఎంకు 6, మరల ఏకు 2, మొత్తము 7262. రాణా అను పేరునకును 7262. సామ అను మాటకును 7262. యంత్రము తన పేర్ల పట్టికలో ఈ సంఖ్యకు సరిపడు వాని నన్నిటిని తీసి, వీనిలో ఏది యని తిరిగి అడుగవలెను. పట్టిక చిన్నదైనచో ఇది చక్కగ జరుగును. 1989లో అమెరికాలో ఆరంభమైన మూవీఫోన్ అను సేవ, చలనచిత్రము పేరులోని మొదటి మూడక్షరములను మాత్రమే నొక్కుమని కోరెను. ఆ వారము ఆడు చిత్రములు కొన్నియే కావున మూడక్షరములు చాలెను. 2014 వరకు ఆ టెలిఫోను సేవ నడచెను. దేశములోని జనుల పేర్లన్నియు గల పట్టికకు ఈ ఉపాయము చాలదు. అందువలననే ఫ్రాన్సు దేశము టెలిఫోను డైరెక్టరీని కంప్యూటరునకెక్కించినపుడు, మీటల టెలిఫోనును నమ్ముకొనక, అక్షరముల పలకయు తెరయు గల మినిటెల్ అను యంత్రమును 1982 మొదలు దేశమంతట పంచిపెట్టెను. అది 2012 జూన్ 30వ తేదీ వరకు పనిచేసెను.

తెర గల యంత్రము మేలైనదనుట సహజమే. కాని తెరవలన మేలు పొందలేనివారును కలరు. అమెరికాలోని అంధుల జాతీయ సమాఖ్య 1990 దశకము నడుమ, టెలిఫోనులో వార్తాపత్రికలు వినిపించు సేవను నెలకొల్పెను. పత్రికల పాఠము కంప్యూటరునకు చేరగా, కృత్రిమ కంఠము దానిని చదువును. విను వ్యక్తి మీటలు నొక్కి పత్రికను, పత్రికలోని శీర్షికను, అందులోని వ్యాసమును ఎన్నుకొనును, వేగము పెంచును, తగ్గించును, అక్కరలేనిదానిని దాటిపోవును. ఇతరులు చదివి వినిపించిన భాగమునే వినవలసియుండిన వ్యక్తి, పత్రికను తన యిచ్చ వచ్చినట్లు త్రిప్పి చూచు భాగ్యమును దీనివలన పొందెను. 5 అను మీటపై నున్న చిన్న బొడిపె వ్రేలికి దారి చూపును. ఎవరి సహాయమును కోరకుండ, ఎవరికిని చెప్పకుండ, తనకు కావలసినదానిని తానే వెదకుకొనుట ఎంత గొప్ప స్వాతంత్ర్యమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మన దేశమున ఈ పద్ధతి ఆలస్యముగ వచ్చుటకు ఒక కారణము ఎక్స్ఛేంజిలలోనే కలదు. స్ట్రౌజర్ పద్ధతి ఎక్స్ఛేంజిలు మనకు దీర్ఘకాలము పనిచేసెను. అవి తెంపులను మాత్రమే ఎరుగును. అందుచేత మీటల టెలిఫోను కొన్నవారింట సైతము, మీట నొక్కినపుడు లోపల తెంపులే పుట్టెడివి. తెంపులా, స్వరములా అని నిర్ణయించు చిన్న కీలు అనేక టెలిఫోనుల క్రిందివైపున నుండెడిది. 1984లో సి-డాట్ సంస్థ స్థాపింపబడి, దేశీయమైన డిజిటల్ ఎక్స్ఛేంజిలు పల్లెలకును వ్యాపించిన పిదప స్వరములు నిజముగ ప్రయాణము చేయసాగెను. వీధి మలుపునందలి ఎస్.టి.డి. బూతునుండి సైతము దూరనగరములోని యంత్రము నడుగుటకు వీలు కలిగెను.

అడుగదగిన భాండారమును అప్పుడే సిద్ధమగుచుండెను. రైల్వేలు కంప్యూటరు రిజర్వేషనును 1985–86లో న్యూఢిల్లీలో ప్రారంభించెను. తరువాత ఇతర నగరములలో కేంద్రములేర్పడెను గాని, ఒక కేంద్రపు లెక్క మరియొక కేంద్రమునకు తెలియకుండెను. ఆ కేంద్రముల నన్నిటిని కలుపుటకు తగిన కాన్సర్ట్ అను క్రొత్త వ్యవస్థ 1994లో మొదట అమలు జరిగినది సికింద్రాబాదుననే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రము లైదును ఒకదానితో నొకటి కలుపబడెను. టిక్కెట్టుపై పి.ఎన్.ఆర్. అను పది అంకెల సంఖ్య ఇట్టి భాండారమునకు తాళపుచెవి వంటిది. అందలి మొదటి అంకెలు అది ఏ కేంద్రములోనిదో తెలుపును. 2007లో 139 అను సంఖ్యతో దేశమంతటికి విచారణ సేవ ఏర్పడిన పిదప, పూర్వము స్టేషనుకు పోయి వరుసలో నిలిచి తెలిసికొనవలసిన సంగతి పది మీటల దూరమునకు వచ్చెను. పరీక్షా ఫలితముల దినములను తలచుకొనుడు. పత్రిక వచ్చువరకు వేచియుండక, హాలు టిక్కెట్టు సంఖ్య నొక్కి, గుండె చేతబట్టుకొని, యంత్రము పలుకు ఒక్క మాటకై చెవియొగ్గిన విద్యార్థులు తెలుగునాట ప్రతి వీధిలోను ఉండిరి.

ఈ యంత్రములకు తెలుగు నేర్పుట ప్రత్యేకమైన పని. ఆంగ్లమున ‘టూ’ అను మాటను ఒక్కమారు ముద్రించినచో రైళ్లకును ప్రయాణికులకును చెల్లును. తెలుగున రెండు రైళ్లు, ఇద్దరు ప్రయాణికులు. వంద అను మాట ఒంటిగ నున్నపుడు వందయే. ఇరవై చేరినచో నూట ఇరవై యగును. రెండు వేలు అను మాటకు వెనుక మరియొక సంఖ్య వచ్చినచో అది రెండు వేల అగును. ఊరి పేర్లకు విభక్తి చేర్చుట ఇంకొక చిక్కు: విజయవాడకు, గుంటూరుకు అని యుండగా తిరుపతికి, రాజమండ్రికి అనవలెను. ఒక్క ‘కు’ను ముద్రించి అన్నిటికి అతికించినచో చెవికి ముల్లు గ్రుచ్చినట్లుండును. స్వరము సంగతి వేరే కలదు. వాక్యము నడుమ పలికిన అంకె సమముగ నుండును. చివర పలికిన అంకె క్రిందికి దిగును. నడుమ దానిని తెచ్చి చివర నుంచినచో, విను వ్యక్తి ఇంకేదో వచ్చునని ఎదురుచూచుచు నుండిపోవును. కావున ఒక్కొక్క అంకెను రెండు మూడు విధముల పలికి ముద్రింపవలెను. ధ్వని ముద్రణశాలలో పని చేయు వారికి ఈ కష్టము బాగుగ తెలియును. జాగ్రత్తగా చేసిన చోట యంత్రము మనవానివలె పలికెను. చేయని చోట అతుకుల బొంతవలె పలికెను. జవాబు ఈ విధముగ తెలుగులోనికి వచ్చినను, ప్రశ్న మాత్రము అంకెలలోనే నిలిచెను. పండ్రెండు మీటలపై మన అక్షరమాల పట్టలేదు.

సెల్ ఫోను వచ్చిన తరువాత స్వరమీటలు మాసిపోలేదు. మాటను క్లుప్తపరచి పంపు ఆ పద్ధతిలో స్వరముల జంటలు చెడిపోవచ్చును గనుక, ఫోను మీటను గూర్చిన వార్తను మాత్రమే పంపగా, సెల్ వ్యవస్థయే ఆవల స్వరమును పుట్టించి వినిపించును. స్వరములతో పనిలేని వేరొక త్రోవయు ఏర్పడెను. నక్షత్రపు గుర్తు, 99, హ్యాష్ నొక్కి బ్యాంకు నిలువను తెలిసికొను సేవను 2014 ఆగస్టు 28వ తేదీన దేశమునకు అంకితము చేసిరి. దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. జవాబు చిన్న తెరపై అక్షరములలో, తెలుగుతో సహా అనేక భాషలలో వచ్చును. 2022 మార్చి 8వ తేదీన రిజర్వు బ్యాంకు, సాధారణ ఫోనులు గలవారి కొరకు యు.పి.ఐ. 123పే అను ఏర్పాటును ప్రకటించెను. అందలి మార్గములలో నొకటి, ఫోను చేసి, కంఠము చెప్పినట్లు మీటలు నొక్కి సొమ్ము పంపుట. 1965లో న్యూయార్కు వాటాదారుడు నేర్చిన పద్ధతియే ఇది. ఇపుడు ప్రశ్న అడుగువారు కూరగాయ లమ్ముకొను వారును, పింఛను కొరకు వేచియున్న వృద్ధులును.

ఇంతటి సౌకర్యమునందును ఒక లోపము మొదటినుండియు కలదు. ఎంపిక పట్టికలో లేని ప్రశ్నను అడుగుటకు వీలులేదు. పింఛను ఎందుచేత ఆగిపోయినదని వృద్ధురాలు అడుగదలచినచో, నిలువ ఎంత అను ప్రశ్నకే అచ్చట మీట యుండవచ్చును. ఎంత అని అడుగుట సులభము; ఎందుకు అని అడుగుట కష్టము. పట్టికను వ్రాసినవారు ఏ ప్రశ్నలను ముందుగ ఊహించిరో వానికే జవాబు కలదు. ఊహింపని ప్రశ్న గలవారు కొమ్మనుండి కొమ్మకు తిరిగి, మొదటి చోటికే వచ్చి చేరుదురు. సంఖ్య పోగొట్టుకొన్నవారికి, చెవి వినబడనివారికి, తమ భాష ఆ పట్టికలో లేనివారికి ఆ వాకిలియే తెరువబడదు. స్ట్రౌజర్ తొలగింపదలచిన ఆపరేటరు పక్షపాతము చూపియుండవచ్చును. కాని ఆమెకు ఏ ప్రశ్నయైనను చెప్పుకొనవచ్చుననుట మరువరాదు.

అందుచేతనే ఇట్టి వ్యవస్థలను నిర్మించు అనుభవజ్ఞులు, పట్టికలో ఒక మీటను మనుష్యుని కొరకు విడిచిపెట్టుదురు. తరచుగ అది సున్న లేక తొమ్మిది. ఆ మీటను పట్టిక చివర దాచిపెట్టిన సంస్థలును కలవు. మొదటనే చెప్పిన సంస్థలును కలవు. ఒక సంస్థ ప్రజల ప్రశ్న వినగోరుచున్నదో లేదో తెలిసికొనుటకు ఇంతకు మించిన పరీక్ష అక్కరలేదు. నేడు మీటలు నొక్కకయే, మాటలతో అడిగిన ప్రశ్నను గ్రహించు యంత్రములు తెలుగునకును వచ్చుచున్నవి. వానితో అక్షరమాల చిక్కు తొలగును. అంకెలలోనికి మార్చి అడుగవలసిన అగత్యము తగ్గును. కాని ఊహింపని ప్రశ్నకు తావుంచుట, తెలియనపుడు మనుష్యునికి అప్పగించుట అను రెండు ధర్మములు వానికిని వర్తించును. చదువు రాని వారును, చూపు లేని వారును అరవై యేండ్ల క్రిందట పుట్టిన ఈ మీటల మూలమున భాండారముల తలుపు తట్టగలిగిరి. క్రొత్త యంత్రములను నెలకొల్పువారు ఆ తలుపును వారికొరకు తెరచియుంచవలెను. పాత మీటలను తీసివేయుటకు ముందు, వాని నింకను వాడుచున్నవారెవరో విచారింపవలెను.